ఓజీ సబ్బాతా, డియో సబ్బాతా? ముందు ఏ ఆల్బమ్ వినాలి

బ్రిటిష్ హెవీ మెటల్ బ్యాండ్ బ్లాక్ సబ్బాత్ విందామని కూర్చున్నవాళ్లు పాట కంటే ముందు ఒక తగాదా వినాల్సి వస్తుంది. ఓజీ ఆస్బోర్న్ పాడినవే అసలు సిసలు సబ్బాత్ ఆల్బమ్‌లని ఒక వర్గం. రోనీ జేమ్స్ డియో వచ్చాకే ఆ బ్యాండ్‌కు పాడటం తెలిసిన గాయకుడు దొరికాడని ఇంకో వర్గం. గాయకుడు మారింది 1979లో. డియో 2010లో కన్నుమూశాడు, ఓజీ 2025 జూలైలో. తగాదా మాత్రం నిక్షేపంలా ఉంది.

కొత్తగా వినేవాళ్లకు ఆ తగాదాలో తీర్పు అక్కర్లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో చెబితే చాలు. ‘రెండూ గొప్పవే, రెండూ వినండి’ అనే సలహా మర్యాదగా ఉంటుంది కానీ దానితో ఒక్క పనీ జరగదు. స్టూడియో ఆల్బమ్‌లే 19 ఉన్నాయి. అందులో ఓజీవి 9, డియోవి 3, మిగతా 7 మరో ముగ్గురు గాయకులవి. పొరపాటున తప్పు ఆల్బమ్‌తో మొదలుపెడితే ఇంకోటి వినాలనే అనిపించదు.

నా సలహా ఇది: గొంతు చూసి ఎంచుకోకండి, గిటార్ ఏం చేస్తే మీకు నచ్చుతుందో చూసి ఎంచుకోండి. ఆ 19 ఆల్బమ్‌లలోనూ ఉన్న ఒకే ఒక్క మనిషి గిటారిస్టు టోనీ ఐయోమీ. మైకు ముందు మనిషి మారినప్పుడల్లా ఆయన పాట కట్టే పద్ధతి మారింది. ఓజీ ముందా, డియో ముందా అన్నదానికి జవాబు అక్కడ దొరుకుతుంది.

గిటార్ వెంట గొంతు, గొంతు వెనక గిటార్

ముందుగా ఒక పాటను దగ్గరగా విందాం. 1970లో వచ్చిన ‘పారనాయిడ్’ ఆల్బమ్‌లోని ‘ఐరన్ మ్యాన్’. మొదట బేస్ డ్రమ్ ఒక్కటే మోగుతుంది. తర్వాత తీగను వంచి లాగితే వచ్చే గిటార్ మూలుగు, యంత్రంలోంచి వచ్చినట్టు మార్చిన ఒక గొంతు, ఆపైన రిఫ్. రిఫ్ అంటే పాట పొడవునా తిప్పి తిప్పి వాయించే చిన్న గిటార్ వరస. ఓజీ చరణం అందుకోగానే చెవి పెట్టి వినండి. గిటార్ ఏ స్వరం మీద ఉంటే గొంతు కూడా అదే స్వరం మీద ఉంటుంది. రిఫ్ ఎక్కితే గొంతు ఎక్కుతుంది, దిగితే దిగుతుంది. అంటే రిఫ్‌కే మాటలు తొడిగి పాడేస్తున్నాడన్న మాట. అదే ఆల్బమ్‌లో ‘ఎలక్ట్రిక్ ఫ్యూనరల్’ కూడా ఇంతే. అంతకు ముందు వచ్చిన మొదటి ఆల్బమ్‌లోని ‘ఎన్.ఐ.బి.’లోనూ చాలా మటుకు ఇదే పద్ధతి.

సంగీతం నేర్చుకున్నవాళ్లు దీన్ని లోపం అంటారు. వాళ్ల లెక్కలో అది నిజమే. ఓజీ గొంతులో గమకాలు లేవు, పెద్దగా స్థాయి భేదాలు లేవు, ముక్కుతో పాడినట్టు సన్నగా, సూటిగా పోతుంది. కానీ ఐయోమీ రిఫ్ అంత బరువుగా ఉన్నప్పుడు దాని మీద ఇంకో రాగం అల్లితే వినేవాడి ధ్యాస రెండు ముక్కలవుతుంది. ఓజీ ఆ ధ్యాసకు అడ్డం రాడు. పైగా ఆ గొంతులో ఎప్పుడూ ఒక కంగారు ఉంటుంది. కళ్లారా ఏదో చూసి బెదిరిపోయిన మనిషి మనకు చెబుతున్నట్టు ఉంటుంది. బ్యాండ్ పేరుతోనే ఉన్న మొదటి పాట ‘బ్లాక్ సబ్బాత్’లో వాన చప్పుడు, గంట, మూడే మూడు స్వరాల రిఫ్ తర్వాత ఆ గొంతు వస్తుంది. బాగా శిక్షణ పొందిన గాయకుడు పాడితే అది నాటకంలా వినిపిస్తుంది. ఓజీ పాడితే ఫిర్యాదులా వినిపిస్తుంది. భయం పుట్టేది అందుకే.

ఇప్పుడు 1980 నాటి ‘హెవెన్ అండ్ హెల్’ ఆల్బమ్‌లో అదే పేరున్న పాట పెట్టండి. దాదాపు ఏడు నిమిషాలు. గిటార్ తన రిఫ్‌ను దర్జాగా వాయించుకుంటూ వస్తుంది. డియో నోరు తెరవగానే పక్కకు తప్పుకుంటుంది. కింద బేస్ గిటార్ ఒకే స్వరాన్ని పట్టుకుని తడుతూ ఉంటుంది, డ్రమ్స్ నడక నిలబెడతాయి, మధ్యలో బోలెడంత ఖాళీ. ఆ ఖాళీలో డియో తన రాగం తాను కట్టుకుంటాడు. ఒక మాటను ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ విరవాలో, ఎక్కడ గొంతు గరగరలాడించాలో అన్నీ ఆయన చేతిలోనే ఉంటాయి. గిటార్ మళ్లీ వచ్చేసరికి ఆ రిఫ్ విలువ పెరిగి ఉంటుంది, ఎందుకంటే కాసేపు అది లేని లోటు మనకు తెలిసింది. చివర్లో పాట పరుగందుకుంటుంది, ఆ పరుగును మొదలుపెట్టేది కూడా డియో గొంతే.

ఓజీ రిఫ్ వెంట నడిచేవాడని, డియో రిఫ్‌కు అడ్డంగా పాడేవాడని ఐయోమీ స్వయంగా చెప్పాడు. అందువల్ల తనకు రాసేటప్పుడు కొత్త దారులు తెరుచుకున్నాయన్నది కూడా ఆయన మాటే.

ఇది ఇనుప నియమమేమీ కాదు. ‘వార్ పిగ్స్’ చరణంలో గిటార్ రెండు దెబ్బలు కొట్టి ఆగిపోతుంది, హై-హ్యాట్ (డ్రమ్స్‌లోని జంట తాళాలు) టిక్కుటిక్కుమంటూ ఉంటే ఓజీ ఒంటరిగా పాడతాడు. అయితే దొరికిన ఆ ఖాళీని కూడా ఆయన రాగంతో నింపడు, నిలబడి నేరారోపణ చదివినట్టు చదువుతాడు. డియోకి ఆ ఖాళీ ఇచ్చి ఉంటే ఊరుకునేవాడు కాదు.

తూకం సరిగ్గా వేయాలంటే

ఈ పోలికలో అందరూ చేసే పని ఒకటుంది. ‘పారనాయిడ్’ను తీసుకొచ్చి ‘హెవెన్ అండ్ హెల్’ పక్కన పెడతారు. రెండింటికీ మధ్య పదేళ్ల దూరం. రికార్డింగ్ పద్ధతి వేరు, వయసు వేరు, అనుభవం వేరు. గాయకుడు మారడం వల్ల ఏం జరిగిందో తెలియాలంటే పక్కపక్కన పెట్టాల్సింది 1978 నాటి ‘నెవర్ సే డై’ను, 1980 నాటి ‘హెవెన్ అండ్ హెల్’ను.

అలా పెట్టి చూస్తే ఓజీ అభిమానుల వాదన కాస్త వీగిపోతుంది. ‘నెవర్ సే డై’ నాటికి బ్యాండ్ అలసిపోయింది. తాగుడు, డ్రగ్స్, డబ్బు గొడవలు. ఓజీ ఒకసారి వదిలేసి వెళ్లి తిరిగి వచ్చాడు. అన్నీ కలిసి ఆల్బమ్‌ను దారి తప్పించాయి. టైటిల్ పాట హుషారుగానే ఉంటుంది. తర్వాత ఒక చోట జాజ్ పియానో, ఇంకో చోట బూరలు, చివరి పాట డ్రమ్మర్ బిల్ వార్డ్ పాడాడు. ఎవరికి ఏం కావాలో ఎవరికీ తెలియదన్న సంగతి ఆ పాటల్లోనే తెలిసిపోతుంది. దానికి ముందటి ‘టెక్నికల్ ఎక్స్‌టసీ’ పరిస్థితి కూడా అంతకంటే మెరుగు కాదు. 1979 ఏప్రిల్‌లో ఓజీని పంపేశారు.

ఆ తర్వాత ఏడాదికి వచ్చిన ఆల్బమ్ ‘నియాన్ నైట్స్’తో మొదలవుతుంది. నాలుగు నిమిషాలు కూడా ఉండదు, ఎక్కడా తడుముకోవడం లేదు, గురి చూసి కొట్టినట్టు ఉంటుంది. గిటార్, బేస్, డ్రమ్స్ వాయించింది పాతవాళ్లే అంటే నమ్మబుద్ధి కాదు. ఈ మార్పు ఘనత అంతా డియోదే అనడం కూడా అన్యాయం. నిర్మాతగా మార్టిన్ బిర్చ్ వచ్చాడు. డీప్ పర్పుల్, రెయిన్‌బో అనే రాక్ బ్యాండ్‌ల ఆల్బమ్‌ల దగ్గర ఆరితేరినవాడు, ఏ వాయిద్యం ఎంత దూరంలో వినపడాలో తెలిసినవాడు. కీబోర్డు మీద జెఫ్ నికొల్స్ చేరాడు. డియో అప్పటికే రెయిన్‌బో బ్యాండ్‌తో మూడు స్టూడియో ఆల్బమ్‌లు చేసి వచ్చిన చెయ్యి తిరిగిన గాయకుడు. చిన్నప్పుడు ట్రంపెట్ వాయించడం వల్ల ఊపిరి పట్టు వచ్చిందని చెప్పేవాడు. అన్నిటికీ మించి, పాటల మాటలన్నీ తనే రాసుకుని రాగం తనే కట్టుకునే మనిషి దొరికాడు. ఓజీ కాలంలో మాటలు ఎక్కువగా రాసింది బేస్ వాయించే గీజర్ బట్లర్.

ఆ చివరి సంగతి మీ ఎంపికలో పెద్ద పాత్రే పోషించవచ్చు. బట్లర్ మాటల్లో లోకం ఉంటుంది. యుద్ధం చేయించి పక్కకు తప్పుకునే నాయకులు, అణుబాంబు, వియత్నాం నుంచి మత్తుమందు అలవాటుతో తిరిగొచ్చిన సైనికులు, తమ సొంత కొకైన్ వ్యసనం కూడా. దెయ్యాల బ్యాండ్ అని పేరు పడింది కానీ ఆ పాటల్లో చాలావాటిలో దెయ్యం మనిషే. బర్మింగ్‌హామ్ నగరంలోని ఆస్టన్‌లో, ఫ్యాక్టరీల మధ్య పెరిగిన నలుగురి కోపం అది. డియో మాటల్లో రాజులు, కత్తులు, ఇంద్రధనుస్సులు, సముద్రాలు, వెలుగు, చీకటి. నేరుగా ఏదీ చెప్పడు. కొందరికి అది కవిత్వం, కొందరికి పిల్లల కథల పుస్తకం. నాకైతే ఆయన మాటలు కాగితం మీద చదివితే తేలికగా అనిపిస్తాయి, ఆయన గొంతులో వింటే నమ్మేస్తాను.

ఓజీ వైపు వెళ్లేవాళ్లకు

ఎక్కువమంది ‘పారనాయిడ్’తో మొదలుపెట్టమంటారు. అందులో తప్పేమీ లేదు. బ్రిటన్‌లో నంబర్ వన్‌కు వెళ్లిన ఆల్బమ్, ‘వార్ పిగ్స్’, ‘ఐరన్ మ్యాన్’ ఉన్నాయి. ఆల్బమ్‌కు ఇంకొక్క పాట కావాల్సి వస్తే అప్పటికప్పుడు కట్టిపడేసిన టైటిల్ పాటే అన్నిటికంటే పెద్ద హిట్ అయింది. ఏ పాటా వినని మనిషికి అదే సరైన చోటు.

కానీ ‘ఐరన్ మ్యాన్’ ఎక్కడో ఒక చోట మీ చెవిన పడే ఉంటుంది. అలాంటివాళ్లకు నా ఓటు 1971 నాటి ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’కి. మొత్తం 34 నిమిషాలే. ఈ ఆల్బమ్ ధ్వని వెనక ఒక ప్రమాదం ఉంది. ఐయోమీకి పదిహేడేళ్లప్పుడు రేకుల ఫ్యాక్టరీలో మిషన్ కింద పడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఆయనది ఎడమచేతి వాటం కాబట్టి తీగలు నొక్కాల్సింది ఆ కుడిచేతి వేళ్లతోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, సన్నటి తీగలు వాడాడు. ఈ ఆల్బమ్‌కు వచ్చేసరికి గిటార్ శ్రుతిని మూడు అరస్వరాలు కిందికి దించాడు. తీగ వదులైతే వేలికి నొప్పి తగ్గుతుంది. శబ్దం మాత్రం కిందికి దిగి బరువెక్కింది. బట్లర్ కూడా బేస్‌ను అంతే దించాడు. ‘ఇన్‌టు ద వాయిడ్’లో, ‘చిల్డ్రన్ ఆఫ్ ద గ్రేవ్’లో ఆ బరువు హెడ్‌ఫోన్స్‌లో కంటే మంచి స్పీకర్ల మీద బాగా తెలుస్తుంది. తర్వాతి కాలంలో డూమ్ అని, స్లడ్జ్ అని, స్టోనర్ రాక్ అని వచ్చిన శాఖలన్నీ ఈ 34 నిమిషాల్లోంచి మొలిచినవే. రిఫ్ ఏలితే ఎలా ఉంటుందో తెలియాలంటే ఇంతకంటే మంచి నమూనా లేదు. మధ్యలో ‘సాలిట్యూడ్’ అనే మెత్తటి పాట వస్తుంది. పాడుతున్నది ఓజీయేనా అని చాలామంది అనుమానపడ్డారు, అవును, ఆయనే.

మొదటి ఆల్బమ్‌ను మూడో స్థానంలో పెడతాను. దాదాపు అంతా ఒక్కరోజులో రికార్డ్ చేసి, 1970 ఫిబ్రవరి 13, శుక్రవారం నాడు విడుదల చేశారు. బ్లూస్ వాసన ఇంకా పోలేదు, కొన్నిచోట్ల సాగదీత ఉంది. కానీ ఆ మొదటి పాట కోసమైనా వినాలి.

‘వాల్యూమ్ 4’, ‘సబ్బాత్ బ్లడీ సబ్బాత్’, ‘సాబటాజ్’ ఈ మూడూ కాస్త అలవాటు పడ్డాక వినాల్సినవి. 1972 నుంచి 1975 మధ్య వచ్చాయి. ‘వాల్యూమ్ 4’లో పియానోతో సాగే ‘చేంజెస్’ ఉంది, ‘సూపర్‌నాట్’ కూడా ఉంది, ఈ రెండూ ఒకే ఆల్బమ్‌లోవి అంటే ఆశ్చర్యమే. మూడింటిలో నాకు ‘సాబటాజ్’ ఎక్కువ ఇష్టం. పాత మేనేజర్‌తో కోర్టు కేసులు నడుస్తుండగా చేసిన ఆల్బమ్ అది, ‘ద రిట్’ అనే పాట ఆ కోపంతోనే పుట్టింది. ఓజీకి నిజంగా పాడటం రాదనేవాళ్లకు వినిపించాల్సింది కూడా ఇదే. ‘సింప్టమ్ ఆఫ్ ద యూనివర్స్’లో ఆయన గొంతు అందుకున్న ఎత్తులు చూస్తే ఆ మాట వెనక్కి తీసుకుంటారు.

1976, 1978 ఆల్బమ్‌ల గురించి పైనే చెప్పాను. ఒకటి నుంచి వరసగా వింటూ వెళ్లే అలవాటున్నవాళ్లు ఆరో ఆల్బమ్ తర్వాత ఆగి, నేరుగా తొమ్మిదో దానికి దూకండి. మధ్యలో రెండూ అభిమానం ముదిరాక వినొచ్చు.

డియో వైపు వెళ్లేవాళ్లకు

ఇక్కడ ఎంపిక తేలిక. ‘హెవెన్ అండ్ హెల్’తో మొదలుపెట్టాలి, వేరే మాట లేదు. నలభై నిమిషాలు, ఎనిమిది పాటలు. మొదటి నాలుగు పాటలు, అంటే ఎల్‌పీ (గ్రామఫోన్ రికార్డు)లో మొదటి వైపు మొత్తం, ఈ బ్యాండ్ చేసిన అత్యుత్తమ ఇరవై నిమిషాల్లో ఒకటి. ‘చిల్డ్రన్ ఆఫ్ ద సీ’ మెత్తటి గిటార్‌తో మొదలై బరువెక్కే తీరు చూడండి. డియో వచ్చాక కలిసి రాసుకున్న మొదటి పాటట అది. రెండో వైపు ‘డై యంగ్’, చివర్లో ‘లోన్లీ ఈజ్ ద వర్డ్’ గట్టివి. ‘వాక్ అవే’ ఒక్కటి నాకు నీరసంగా అనిపిస్తుంది.

1981 నాటి ‘మాబ్ రూల్స్’ దీనికి తమ్ముడు. అదే నిర్మాత, అదే అమరిక. వేగంగా మొదలై, సైడు మధ్యలో ఒక పొడుగాటి గంభీరమైన పాట. డ్రమ్స్ దగ్గర మాత్రం పర్యటన మధ్యలో వెళ్లిపోయిన బిల్ వార్డ్ స్థానంలో విన్నీ అపీసీ వచ్చాడు. వార్డ్ వాయింపులో జాజ్ ఊగులాట ఉంటుంది, అపీసీది నేరుగా దంచే పద్ధతి. అందుకే ‘మాబ్ రూల్స్’ వినడానికి ఇంకాస్త బండగా, గట్టిగా ఉంటుంది. ‘ద సైన్ ఆఫ్ ద సదరన్ క్రాస్’ ఒక్కటే ఈ ఆల్బమ్‌కు పెట్టిన సమయం మొత్తం తిరిగి ఇచ్చేస్తుంది. అయినా మొత్తంగా చూస్తే పాత అచ్చులో పోసిన కొత్త ఆల్బమ్ అనే మాట తప్పించుకోలేదు.

1992లో డియో తిరిగొచ్చి చేసిన ‘డీహ్యూమనైజర్’ మాత్రం వేరే బాపతు. కత్తులూ రాజులూ లేరు, కంప్యూటర్లు ఉన్నాయి, టీవీలో డబ్బు దండుకునే మత ప్రచారకులు ఉన్నారు. ధ్వని పొడిగా, కోపంగా ఉంటుంది. 52 నిమిషాలు కొంచెం ఎక్కువే. ఓజీ కాలం రిఫ్‌ల బరువు ఇష్టపడుతూ డియో గొంతు కూడా కావాలనుకునేవాళ్లకు మధ్యేమార్గం ఇదే. మెటల్ బాగా విని ఉన్నవాళ్లు డియోను దీనితో మొదలుపెట్టినా నేను కాదనను. ఈ కలయిక కూడా ఎక్కువ రోజులు నిలవలేదు. ఓజీ సోలో కచేరీకి ముందు వాయించాలని బ్యాండ్ ఒప్పుకుంటే, నేను రానని డియో వెళ్లిపోయాడు.

ఎటూ తేల్చుకోలేకపోతే

ఒకే పాట ఇద్దరి గొంతుల్లో వింటే సందేహం తీరుతుంది. దానికి వీలు కల్పించిన ఆల్బమ్ ఒకటుంది, 1982 చివర్లో వచ్చిన ‘లైవ్ ఈవిల్’. అందులో డియో తన పాటలతో పాటు ‘వార్ పిగ్స్’, ‘ఐరన్ మ్యాన్’, ‘పారనాయిడ్’, ‘బ్లాక్ సబ్బాత్’, ‘ఎన్.ఐ.బి.’ కూడా పాడాడు.

స్టూడియోలో ఓజీ పాడిన ‘ఐరన్ మ్యాన్’ ఒకసారి, వెంటనే ‘లైవ్ ఈవిల్’లోది ఒకసారి వినండి. డియోకి అంత బుద్ధిగా రిఫ్ వెంట నడవడం చేతకాదు. మాట చివర సాగదీస్తాడు, గరగర కలుపుతాడు, అక్కడక్కడ నటిస్తాడు. గాయకుడిగా ఎన్ని మార్కులైనా వేయొచ్చు, కానీ పాటలోని ఆ యంత్రపు మొండితనం పోతుంది. అది పోయినందుకు మీకు బాధేస్తే మీది ఓజీ పార్టీ. ‘ఇప్పుడు కదా పాటకు ప్రాణం వచ్చింది’ అనిపిస్తే ‘హెవెన్ అండ్ హెల్’ తెరవండి. ‘బ్లాక్ సబ్బాత్’ పాటతో కూడా ఇదే పరీక్ష చేయొచ్చు, అందులో తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పరీక్ష కోసమే తప్ప ‘లైవ్ ఈవిల్’ను మొదటి ఆల్బమ్‌గా ఎంచుకోవద్దు. మిక్సింగ్ దగ్గర, అంటే రికార్డ్ చేసిన శబ్దాలను కలిపే చోట, ఎవరి శబ్దం ఎవరు పెంచుకున్నారనే గొడవ పెద్దదై డియో, అపీసీ ఇద్దరూ బయటికి వెళ్లిపోయారు.

ఇంకో సంగతి. చూపుడు వేలు, చిటికెన వేలు పైకెత్తి చూపించే మెటల్ అభిమానుల గుర్తు ఉంది కదా, దాన్ని వేదికల మీద ఊరూరా తిప్పింది డియోనే. దిష్టి తగలకుండా తన బామ్మ పెట్టే గుర్తు అనేవాడు. ఓజీ రెండు వేళ్లతో శాంతి గుర్తు చూపించేవాడు కాబట్టి తనకంటూ ఇంకోటి కావాలనిపించిందట.

మిగతా ముగ్గురు

డీప్ పర్పుల్ గాయకుడు ఇయన్ గిలన్ పాడిన ‘బార్న్ అగైన్’ 1983లో వచ్చింది. పాటలు మంచివే, ధ్వని మాత్రం బురదలో ముంచి తీసినట్టు ఉంటుంది. ఆ పర్యటన కోసం ఇంగ్లండ్‌లోని పురాతన రాతి వలయం స్టోన్‌హెంజ్ రాళ్ల సెట్ ఒకటి కట్టించారు. కొలతల్లో పొరపాటు జరిగి వేదికల మీద పట్టనంత పెద్దదైంది. నవ్వుకోవడానికి ఆ కథ, వినడానికి ఒకటి రెండు పాటలు చాలు. 1986 నాటి ‘సెవెంత్ స్టార్’లో గ్లెన్ హ్యూస్ అద్భుతంగా పాడాడు. అయితే అది ఐయోమీ సొంతంగా వేసుకోవాలనుకున్న ఆల్బమ్. సబ్బాత్ అనుకుని వింటే నిరాశ తప్పదు.

టోనీ మార్టిన్‌ను మాత్రం ఇలా రెండు ముక్కల్లో తేల్చేయలేను. 1987 నుంచి 1995 మధ్య 5 ఆల్బమ్‌లు పాడాడు, అంటే డియో కంటే ఎక్కువ. ‘హెవెన్ అండ్ హెల్’ నచ్చి, ఇంకా అలాంటిది కావాలనిపిస్తే 1989 నాటి ‘హెడ్‌లెస్ క్రాస్’ వినండి. డ్రమ్స్ మీద కోజీ పావెల్, గొంతులో డియో ఛాయ, అక్కడక్కడ ఆ కాలపు కీబోర్డు జిగేలు. ఈ ఆల్బమ్‌లు చాలా ఏళ్లు దుకాణాల్లో దొరికేవి కావు. 2024లో ‘ఆనో డొమిని’ అనే బాక్స్ సెట్‌గా వీటిలో నాలుగింటిని మళ్లీ విడుదల చేశారు. కాబట్టి దొరకలేదనే సాకు ఇప్పుడు చెల్లదు. 1995 నాటి ‘ఫర్‌బిడెన్’ జోలికి మాత్రం వెళ్లనక్కర్లేదు.

తిరిగొచ్చాక చేసినవి

ఇద్దరికీ చివర్లో ఒక్కో ఆల్బమ్ మిగిలింది, ఇక్కడా పోలిక కుదురుతుంది. ఓజీతో 2013లో వచ్చిన ‘13’ బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ నంబర్ వన్ అయింది. బ్రిటన్‌లో ‘పారనాయిడ్’ తర్వాత అదే మొదటిసారి. నిర్మాత రిక్ రూబిన్ వాళ్లను మళ్లీ మొదటి ఆల్బమ్ రోజులకు తీసుకెళ్లాలని పట్టుబట్టాడు. పాటలు పొడుగ్గా, నెమ్మదిగా, పాత రిఫ్‌ల చుట్టూ తిరుగుతాయి. ఓజీ మళ్లీ బుద్ధిగా రిఫ్ వెంట నడుస్తాడు. డ్రమ్స్ మీద బిల్ వార్డ్ లేడు, రేజ్ అగైన్‌స్ట్ ద మెషీన్ డ్రమ్మర్ బ్రాడ్ విల్క్ ఉన్నాడు. వాయింపులో ఏ వంకా పెట్టలేం, ఊగులాట మాత్రం లేదు. పాతవి విన్నాక వినండి, ముందే వింటే ఇంతేనా అనిపించవచ్చు.

డియోది 2009 నాటి ‘ద డెవిల్ యూ నో’. ఐయోమీ, బట్లర్, అపీసీ, డియో, అంటే ‘మాబ్ రూల్స్’ నాటి నలుగురే. అరవై దాటిన డియో గొంతు కాస్త కిందికి దిగింది, పాటలు కూడా దానికి తగ్గట్టు నెమ్మదించి బరువెక్కాయి. ‘బైబిల్ బ్లాక్’ అనే పాటతో మొదలుపెట్టండి. రెండు చివరి ఆల్బమ్‌లలో నేను మళ్లీ మళ్లీ వినేది ఇదే. అయితే బ్లాక్ సబ్బాత్ ఆల్బమ్‌ల జాబితాలో వెతికితే కనిపించదు. పాత పేరు వాడకుండా ‘హెవెన్ అండ్ హెల్’ అనే బ్యాండ్ పేరుతో విడుదల చేశారు, ఆ పేరుతోనే వెతకాలి.